మా సుగుణ ఏడుపు నేర్చిన మధ్యాహ్నం

మా ఆడబిడ్డ సుగుణకు పోయిన నెల పెద్ద సన్మానం జరిగింది. అది జరిగిన రెండు రోజులకు ఉప్పల్‌లోని మా ఫ్లాటుకు ఏదో ఛానల్ నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒక అమ్మాయి, కెమెరా పట్టుకున్న ఒక అబ్బాయి. ఆ అమ్మాయి నా చీర చెంగుకు నల్లటి చిన్న మైకు తగిలించి, "మేడం సినిమాలల్ల గ్లిజరిన్ లేకుండ ఏడుస్తరట కదా ఆంటీ, ఎట్ల వచ్చింది అది? మేడంనే అడిగితే, మా వదినను అడుగుండ్రి అని నవ్వి ఊకున్నరు" అంది. చెప్పడానికి నాకు సంతోషమే. నాచారంలో మేము కాపురమున్న రేకుల ఇంటి దగ్గర్నుంచి మొదలుపెట్టాను. "ఆంటీ, టూ మినిట్స్‌ల అయిపోవాలె" అంది ఆ పిల్ల. "రెండు నిమిషాలల్ల అయ్యేది గాదు బిడ్డా, చాయ్ తాగుండ్రి" అన్నాను. చాయ్ తాగారు, బాల్కనీలోంచి మెట్రో రైలు పోతుంటే వీడియో తీసుకున్నారు, దండం పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

పెళ్ళికి ముందు నుంచే నాకు డైరీ రాసే అలవాటు. ఆఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యేదాకా ఒక్క రోజు కూడా రాయకుండా పడుకోలేదు. ఆ అలవాటు కొద్దీ అటక మీదున్న పెట్టె దింపించి ఆ ఏడాది డైరీ వెతికాను. సుగుణ జీవితాన్ని మలుపు తిప్పిన ఆ రోజు కింద, నా గుండ్రటి దస్తూరీలో, "మధ్యాహ్నం ఇంటికి చాలామంది వచ్చారు. కిరసనాయిలు ఒలికిపోయింది. రాత్రి వంట ఆలస్యమైంది" అని ఉంది. అంతే. చదువుకుని నాలో నేనే నవ్వుకున్నాను. సరుకులు, జబ్బులు, వచ్చిపోయిన చుట్టాలు అన్నీ రాసిన మనిషిని, ఆ రోజు విన్నది మాత్రం రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

జనగామ వైపు నుంచి నేను కోడలిగా వచ్చేటప్పటికి నాచారంలో ఇన్ని మేడలు లేవు. మావారు మల్లాపూర్‌లో ఒక కార్ఖానాలో మిషన్ మీద పనిచేసేవారు. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు చిన్న వాకిలి, మూలకు ఒక బొప్పాయి చెట్టు. ఒకవైపు నుంచి గాలి వీస్తే బిస్కెట్లు కాలుతున్న తియ్యటి వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే ముక్కు మండే రసాయనాల వాసన. పొద్దున లేచి తలుపు తీయగానే అత్తమ్మ ముందు గాలిని పసిగట్టేది. బిస్కెట్ల గాలి అయితే, "ఇయ్యాల రొట్టె మీదికి షక్కర్ అక్కెర లేదు, ఉత్తగనే తినుండ్రి" అనేది. రెండో గాలి అయితే కిటికీ మూసి, కొడుకు పనిచేసే కార్ఖానాను, పక్క కార్ఖానాను కలిపి తిట్టేది. ఆమె జొన్నరొట్టెలు చరిచే చప్పుడుకే మేమంతా లేచేవాళ్ళం. బుగ్గన తంబాకు పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, పెనం మీది రొట్టెను చేత్తోనే తిప్పేది. ఎవరినీ మెచ్చుకునే అలవాటు ఆమెకు లేదు. కూర బాగుంటే ఇంకింత పెట్టమనేది. బాగా లేకపోతే బాగా లేదనేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మౌనానికి భయపడేదాన్ని, తర్వాత అలవాటు పడ్డాను.

అత్తమ్మకు ఆ బస్తీలో ఒక గౌరవం ఉండేది. ఎవరింట్లో మనిషి పోయినా ముందు మా అత్తమ్మ రాజవ్వకు కబురు వచ్చేది. పోయినవాళ్ళ తల దగ్గర కూచుని, వాళ్ళను వరస పెట్టి పిలిచి, వాళ్ళు చేసిన మంచి అంతా ఒక్కొక్కటిగా చెబుతూ రాగంతో ఏడవడాన్ని మా వైపు శోకం తీయడం అంటారు. ఆడవాళ్ళందరూ తీస్తారు, కానీ అత్తమ్మ తీస్తే గోడ అవతల పోయేవాళ్ళు కూడా ఆగేవారు. అంతసేపు ఏడ్చి వచ్చి, వాకిట్లోనే తలమీద నీళ్ళు గుమ్మరించుకుని, చీర మార్చుకుని, "ఆకలైతున్నది, అన్నం బెట్టు" అనేది. నాకు అది వింతగా ఉండేది.

సుగుణ ఆమె ఆఖరి బిడ్డ. ఆమె తెరమీది పేరు మీ అందరికీ తెలుసు. ఇంట్లో మాత్రం అప్పుడూ ఇప్పుడూ సుగుణే. మా ఇంటికి నడిచిపోయే దూరంలో స్టూడియో ఉండేది. జనం గుంపుగా కనిపించే సీన్లకు చుట్టుపక్కల బస్తీల నుంచే మనుషులను తీసుకుపోయేవారు. అట్లా పెళ్ళి సీన్లలో, సంత సీన్లలో వెనక నిలబడి నిలబడి సుగుణ చిన్న చిన్న వేషాల దాకా వచ్చింది. ఆ రోజుల్లో నటించే అమ్మాయి వెంట ఇంటి నుంచి ఒక పెద్దదిక్కు రావాలి. అందరికీ తల్లులు వచ్చేవారు. అత్తమ్మ, "గా లైట్ల కింద నేను కూసోను, నా కండ్లు వోతయి" అని తేల్చేసింది. మావారికి డ్యూటీ. నేను వెళ్ళేదాన్ని. తల్లులందరూ కుర్చీల్లో కూచుని తమ బిడ్డల గురించి గొప్పలు చెప్పుకుంటుంటే, వాళ్ళ పక్కన నేను ఉద్యోగం కోసం నేర్చుకుంటున్న షార్ట్‌హ్యాండ్ పుస్తకం పట్టుకుని కూచునేదాన్ని. ఆడబిడ్డ కంటే నాలుగేళ్ళే పెద్ద. కొత్తవాళ్ళు నన్ను కూడా వేషం కోసం వచ్చిందనుకునేవాళ్ళు.

అప్పుడు ఒక దర్శకుడు సుగుణకు మొదటిసారి పేరున్న పాత్ర ఇచ్చాడు. గుంటూరు వైపు మనిషి. మెత్తగా మాట్లాడేవాడు, కానీ చెప్పిందే చెప్పేవాడు. పల్లెటూరి పిల్ల, తల్లి చచ్చిపోతుంది, శవం దగ్గర ఏడవాలి. ఆ సీను మీదే సినిమా నిలబడుతుందని ఆయన నమ్మకం. రెండుసార్లు చేయించి చూశాడు. సుగుణ కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, పెదవి కొరుక్కుని ఎంత బాగా ఏడ్చిందో. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. "చాలా అందంగా ఏడుస్తున్నావమ్మా. నాకు అందం అక్కర్లేదు. మీ ఇళ్ళల్లో ఎలా ఏడుస్తారో అలా కావాలి. వచ్చే సోమవారం చూస్తాను. కుదరకపోతే ఏమీ అనుకోకు, మద్రాసు నుంచి వేరే అమ్మాయిని పిలిపిస్తాను" అన్నాడు.

ఆ సంగతి విని మావారు కూడా తన మాట చెప్పారు. "సోమవారం అయితే అయింది. కాకపోతే మాత్రం ఇగ చాలు సుగుణా. బిస్కెట్ కార్ఖానల ప్యాకింగ్ సెక్షన్ల మనిషి గావాల్నట. నేను మాట్లాడి వచ్చిన." ఆయన చెడ్డ మనిషి కాదు. బస్తీలో చెల్లెలి గురించి అనే మాటలు మోసి మోసి అలసిపోయారు. సుగుణ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున్నే తల్లి కాళ్ళ దగ్గర కూచుంది.

"అమ్మా, శోకం నేర్పియ్యే."

రొట్టె చరుస్తున్న అత్తమ్మ చెయ్యి ఆగింది. "ఏంది?"

"సినిమాల అమ్మ సచ్చిపోతది. ఒక్కపారి తీసి సూపియ్యి, నేను నేర్సుకుంట."

"పీనుగ లేని ఇంట్ల శోకమేందే పొల్లా? ఎవల సావును పిలుస్తున్నవ్ ఇంట్లకు? ఇంకొక్కపారి గా మాట ఎత్తితె ఇదే పెనంతోని ఏస్త." అంతటితో ఆగక నా వైపు తిరిగి, "ఎంటబోయి కూసునుడు గాదు, జర బుద్ధి చెప్పుడు గూడ నేర్సుకో" అంది.

సుగుణ తన ప్రయత్నం తను మానలేదు. శనివారం మధ్యాహ్నం అత్తమ్మ కిరసనాయిలు కోసం రేషన్ దుకాణానికి పోయింది. అక్కడి లైను సంగతి తెలుసు కాబట్టి సాయంత్రం దాకా రాదనుకున్నాం. సుగుణ తలుపు దగ్గరగా వేసి, చాప పరిచి, "వదినా, ఇట్ల పండుకో" అంది.

"ఎందుకే?"

"నువ్వు పీనుగ."

"నీ నోట్ల మన్నువడ! గదేం మాట?"

"దిండు ముందట కూసోని ఏడిస్తె ఏడుపు వస్తలేదు వదినా. జర సేపే. నీకు దండం బెడ్త."

పడుకున్నాను. నా మొహం చూస్తే తనకు నవ్వొస్తోందని తల మీదిదాకా దుప్పటి కప్పింది. కాళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. సుగుణ నా పక్కన కూచుని "అమ్మా... ఓ అమ్మా" అని ఎత్తుకుంది. మొదట బొంగురుగా వచ్చింది, మళ్ళీ ఎత్తుకుంది. మూడోసారికి గొంతు పెరిగింది. రేకుల ఇల్లు కదా, గోడకూ కప్పుకూ మధ్య జానెడు సందు. ఆ గొంతు వీధంతా పోయిందని మాకు తెలియలేదు.

ధడాలున తలుపు తెరుచుకుంది. పక్కింటి బాలమణి. లోపల సుగుణ "అమ్మా" అని ఏడుస్తోంది, చాప మీద దుప్పటి కప్పిన మనిషి ఉంది. ఆమె ఇంకేం చూడలేదు. జుట్టు విప్పుకుని, "ఓ రాజవ్వా, నా పాలిటి తల్లివి గదనే రాజవ్వా" అంటూ వచ్చి నా మీద పడింది. బాలమణి భారీ మనిషి. నాకు ఊపిరి ఆడలేదు. దుప్పటి తీద్దామంటే చెయ్యి ఆమె కింద ఇరుక్కుంది. ఇంతలో ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు. అందరూ అత్తమ్మ పేరే పెట్టి ఏడుస్తున్నారు. సుగుణ "గాదు అక్కా, గాదు అత్తా" అంటూనే ఉంది. దుఃఖంలో అట్లా అంటోందనుకుని వాళ్ళు ఆమెను కూడా కావలించుకుని ఏడ్చారు.

అత్తమ్మ అప్పుడు వచ్చింది. ఆ రోజు కిరసనాయిలు బండి ముందే వచ్చిందట, లైను తొందరగా కదిలిందట. వాకిట్లో జనం, లోపల ఏడుపు. వాళ్ళ వెనక ఆమె నిలబడిన సంగతి ఎవరూ గమనించలేదు. ఆమె మాత్రం బాలమణి చూడనిది చూసింది. దుప్పటి బయట ఉన్న నా కాళ్ళకు మట్టెలు ఉన్నాయి. మామయ్య పోయాక ఆ ఇంట్లో మట్టెలున్నది నాకొక్కదానికే. డబ్బా కింద పడిన చప్పుడు వినిపించింది, కిరసనాయిలు వాసన గుప్పుమంది.

"ఓ నా కోడలా..."

ఏడుస్తున్నవాళ్ళందరూ ఒక్కసారి ఆగిపోయారు. బాలమణి నా మీది నుంచి లేచింది. ఇప్పుడు నేను లేవచ్చు. కానీ సుగుణ అరచెయ్యి నా గుండె మీద పడి గట్టిగా అదిమింది, లేవొద్దన్నట్టు. అత్తమ్మ నా తల దగ్గర కూలబడింది.

"ఓ నా కోడలా... నా ఇల్లు నిలవెట్టినవు గదనే... నేను లేవకముందుగాల లేసి నాకు నీళ్ళు గాస్తివి... నేను ఒకటంటె తిరిగి ఒకటి అనకపోతివి... మొగని కంటె ముందుగాల నాకు కంచం బెడ్తివి... సల్లగ నవ్వుతుంటివి, ఒక్కనాడన్న మంచిదానివే అని నేను అనకపోతి... పొద్దుమీకి దీపం కాడ కూసోని రాసుకుంటుంటివి, నన్నేమని రాస్తున్నవే అని అడుగకపోతి... ఇగ ఎవల నడుగుదు బిడ్డా..."

దుప్పటి కింద చీకటి, ఉక్కపోత. నా చెవుల్లోకి కన్నీళ్ళు కారుతున్నాయి. ఆ ఇంటికి వచ్చి అన్ని రోజులైనా, నన్ను ఒకరు అంత దగ్గరగా చూస్తున్నారని నాకు తెలియదు. ఇంకా వినాలని ఉంది. కానీ అత్తమ్మ రెండు చేతులతో తల బాదుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నేను భరించలేకపోయాను. దుప్పటి లాగేసి, "అత్తమ్మా, నేను సావలే!" అని లేచి కూచున్నాను.

బాలమణి కేక పెట్టి గడప అవతల పడింది. అత్తమ్మ నన్ను చూసింది, సుగుణను చూసింది, నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా తడిమింది. తడమడం అయ్యాక చీపురు అందుకుంది. "బతికున్న కోడలిని పొగిడిస్తిరి గదనే నా నోటితోని! ఇగ ఇది నా మాట ఇంటదా?" అని ఇద్దరినీ ఇంటి చుట్టూ తరిమింది. వీధంతా నవ్వింది. అన్నీ సద్దుమణిగాక బాలమణి మెల్లగా అడిగింది, "రాజవ్వా, ఇప్పుడు నేను తానం జెయ్యాల్నా, వద్దా?"

"జెయ్యి. పీనుగ లేకున్నా నీకు అక్కెరనే ఉన్నది" అంది అత్తమ్మ.

రాత్రి అన్నాల దగ్గర ఆమె ఎవరి మొహమూ చూడకుండా, కంచంతో మాట్లాడినట్టు చెప్పింది. "ఏడ్సుడు గాదే. చెప్పుడు. ముందుగాల మనిషిని పిల్వాలె. పిల్సి, నువ్వు గిది జేసినవు, గిది జేసినవు అని చెప్పాలె. ఏడుపు దాని ఎనక అదే వస్తది." తర్వాత నేను డైరీ రాసి మూస్తుంటే, అడగనే అడిగింది. "ఇయ్యాల ఏం రాసినవ్, సదువు." చదివాను. "కిరసనాయిలు ఒలికిపోయింది, గింతేనా? గింత దానికి గంత సేపు రాస్తవా?" అని పక్కకు తిరిగి పడుకుంది.

సోమవారం సెట్టులో సుగుణ దర్శకుడి దగ్గరికి పోయి, "సార్, మీరు రాసిచ్చింది తర్వాత చెప్త. ఒక్కసారి మా తీరున చెప్పనియ్యండ్రి" అంది. శవంగా పడుకున్న ఆవిడ తల దగ్గర కూచుని పిలిచింది. అమ్మా అని పిలిచింది గానీ మాటలన్నీ అత్తమ్మ నా మీద అన్నవే. నీళ్ళు కాచింది, కంచం పెట్టింది, చల్లగా నవ్వింది, అన్నీ వచ్చాయి. మొహం వంకర పోయింది, ముక్కు కారింది, అందం సంగతి ఆమెకు గుర్తే లేదు. పైన లైట్లు పట్టుకున్నవాళ్ళు కిందికి వంగి చూస్తున్నారు. తల్లులందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. చాలాసేపటికి కండువాతో మొహం తుడుచుకుని, "ఈ మాటలు ఎవరు రాశారమ్మా?" అన్నాడు.

"మా అమ్మ అన్నది సార్."

"ఎవరు పోయినప్పుడు?"

సుగుణ నన్ను చూపించింది. "మా వదిన మీద. ఎవరు పోలే సార్, గామెనే మా వదిన."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "బతికుండగా అత్తగారితో అన్ని మంచిమాటలు అనిపించుకున్నారంటే మీరు మామూలు మనిషి కాదండీ" అని చేతులు జోడించాడు. అప్పట్లో కొత్త అమ్మాయిలకు వేరేవాళ్ళు గొంతు ఇచ్చేవారు. ఈ సీనుకు కూడా అనుభవమున్న ఆవిడను పిలిపించారు. ఆమె రెండుసార్లు ప్రయత్నించి, చెవులకు పెట్టుకున్నవి తీసేసి, "ఇది నేను చెబితే అబద్ధంలా ఉంటుందండీ, ఆ పిల్లనే చెప్పనివ్వండి" అందట. మా నాచారం గొంతు, మా మాటతీరు, అట్లా మొదటిసారి తెర మీదికి ఎక్కింది. ప్యాకింగ్ సెక్షన్ సంగతి మావారు మళ్ళీ ఎత్తలేదు. పేపర్లో వచ్చిన చెల్లెలి ఫోటో కత్తిరించి డ్యూటీ చొక్కా జేబులో పెట్టుకుని, అది నలిగి చిరిగేదాకా కార్ఖానాలో అందరికీ చూపించారు. ఉప్పల్ థియేటరులో మేమంతా సినిమా చూశాం. ఆ సీనులో హాలంతా వెక్కుతుంటే అత్తమ్మ ఒక్కతే కోపంగా కూచుంది. బయటికి వచ్చాక, "నా ఏడుపు నాకే టికెట్ బెట్టి సూపిచ్చిన్రు" అంది. కానీ మర్నాడు బాలమణిని వెంటబెట్టుకుని మళ్ళీ పోయి చూసి వచ్చింది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. పల్లెటూరి పిల్లగా, వకీలుగా, ముసలితల్లిగా సుగుణ చేయని పాత్ర లేదు. గ్లిజరిన్ ముట్టలేదు. వేదికల మీద ఎంత పెద్దవాళ్ళ మధ్య నిలబడినా మాట మార్చుకోలేదు, మా వాకిట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. ఆమెకు వచ్చిన ప్రతి బహుమతి ముందు అత్తమ్మ ఒళ్ళోకే వచ్చేది. అత్తమ్మ దాన్ని తిప్పి చూసి, "బరువున్నది" అనేది. ఆమె మెచ్చుకోలు అంతే. స్టూడియో ఉన్న వైపు ఇప్పుడు గోదాములు, అపార్టుమెంట్లు వచ్చాయి. రేకుల ఇళ్ళు పోయాయి. ఒక ఇంటి ఏడుపు ఇంకో ఇంటికి వినిపించే సందు ఏ గోడకూ లేదు. ఎవరైనా పోతే ఫోనులో ఫోటో వస్తుంది, కింద అందరూ చేతులు జోడించిన బొమ్మ పెడతారు. అద్దాల పెట్టెలో మనిషి, పక్కన స్పీకరులో భజన. వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి పోతారు. పోయిన మనిషి ఏం చేసిందో చెప్పేవాళ్ళు లేరు. నాకు అది శుభ్రంగానే కనిపిస్తుంది గానీ, ఏదో పని సగంలో వదిలేసినట్టు కూడా ఉంటుంది.

మొన్న ఎండాకాలంలో అత్తమ్మ పోయింది. నిండు వయసు. రాత్రి అన్నం తిని పడుకుని పొద్దున లేవలేదు. అపార్టుమెంటు కింద కార్లు తీసేసి అక్కడ పడుకోబెట్టాం. సుగుణ వచ్చిందని తెలియగానే మా వీధి నిండిపోయింది. అత్తమ్మ ఎవరో తెలియనివాళ్ళు కూడా వచ్చారు. తల దగ్గర సుగుణ కూచుంది, పక్కన నేను. చుట్టూ చేతులన్నీ పైకి లేచి ఉన్నాయి, ప్రతి చేతిలో ఒక ఫోను. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. దేనికోసం ఎదురుచూస్తున్నారో నాకు అర్థమైంది, ఆమెకూ అర్థమైంది. నా చెవి దగ్గరికి వంగి, "నేను నోరు తెరిస్తె సినిమా అయితది వదినా. నువ్వు చెప్పు" అంది.

ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడని మనిషిని నేను. ఆఫీసులో నన్ను మెత్తటి మేడం అనేవారు. కానీ ఆ పని మధ్యలో వదలడానికి వీల్లేదు. జుట్టు విప్పుకున్నాను. "ఓ నా అత్తమ్మా" అని పిలిచాను. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో రోడ్డు దాటడం భయమంటే, ఉప్పల్ చౌరస్తా దాకా నా చెయ్యి పట్టుకుని వచ్చి బస్సెక్కించింది చెప్పాను. నా ఇద్దరు పిల్లలను తన వీపు మీద పెంచి నన్ను ఆఫీసుకు పంపింది చెప్పాను. మావారు పోయిన ఏడాది, కన్నకొడుకు పోయిన దుఃఖం మింగి నాకు ముద్దలు కలిపి పెట్టింది చెప్పాను. పిలిచి చెప్పాను. ఏడుపు వెనకాల అదే వచ్చింది. మొదటి మాటకే సుగుణ నా మెడ చుట్టూ చేతులు వేసి మొహం నా భుజంలో దాచుకుంది. చివరిదాకా తల ఎత్తలేదు. ఆమె ఎంత ఏడ్చిందో నాకు తెలుసు, నా రవికె తడిసి చర్మానికి అంటుకుంది.

ఆ సాయంత్రానికే వీడియో అందరి ఫోన్లలోకి వచ్చింది. అందులో జుట్టు విరబోసుకుని నోరు తెరిచిన ముసలిదాన్ని నేను. సుగుణ వీపు మాత్రమే కనిపిస్తుంది. కింద ఎవరో రాశారు, సినిమాల్లో అంత ఏడ్చే మనిషి కన్నతల్లికి ఒక్క చుక్క కన్నీరు కార్చలేదని. నాకు ఒళ్ళు మండింది. పేరు పెట్టి జవాబు రాద్దామని కూచుంటే, సుగుణ నా చేతిలోంచి ఫోను తీసుకుని పక్కన పెట్టింది.

"రాయకు వదినా. ఇన్నేండ్ల సంది ఏడ్సినయన్ని వాళ్ళకే ఇచ్చిన. గిదొక్కటి నాకుండనియ్యి."